బెత్తం చంక మారిన రోజు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర నోరు తెరవబోయి, ఎన్నోసార్లు వక్కపలుకు వేసుకుని మూసేశాను. గుండె మీద బరువు అంటారు గానీ, నా బరువు ఒకచోట ఉండదు. పూజకు కూర్చుంటే లేపుతుంది. బస్సెక్కితే మధ్యలో దిగిపోవాలనిపిస్తుంది. నా భార్య దాన్ని వాతం అనుకుని కషాయం కాచి ఇస్తుంది. తాగుతాను. కషాయానికి తగ్గేదైతే ఈ ఏళ్ళన్నిటిలో ఎప్పుడో తగ్గి ఉండేది.

నేను పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. స్టేషను పేరు వద్దు, కుందుర్పి వైపు అనుకోండి. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన కాలం. వాన మొహం చాటేసి చాలా రోజులైంది. తిమ్మప్ప అనే కొత్త కానిస్టేబులు నా కిందికి వచ్చాడు. మడకశిర పక్క పల్లెవాడు, మాటల్లో సగం కన్నడం. గొర్రెల మందల వెనక తిరిగిన ఇంటి నుంచి సర్కారు బట్టలు తొడిగిన మొదటివాడు. బూట్ల మీద మోకాళ్ళ దాకా గుడ్డ పట్టీలు చుట్టడం నేనే నేర్పాను. కోర్టులో ఎలా నిలబడాలో, తాగినవాడితో ఎలా మాట్లాడాలో, పెద్దింటి గడప ముందు ఎంత వంగాలో, ఎక్కడ వంగకూడదో, అన్నీ నేనే చెప్పాను. వాడంటే నాకు ఇష్టం. ఇప్పుడు కూడా 'వాడు' అనే వస్తోంది నోట. 'అతను' అనడానికి నాకు హక్కు ఉందో లేదో.

నేర్పినవాటిలో బెత్తం సైగ ఒకటి.

ఇది మా పాత అధికారుల నుంచి నాకు వచ్చిన విద్య. జాతరలోనో సంతలోనో జనం మీద పడేట్టున్నప్పుడు నోటితో ఆజ్ఞ ఇవ్వకూడదు. నోటి మాట నలుగురు వింటారు, రేపు వాళ్ళే సాక్షులవుతారు. అందుకని నా బెత్తం ఎడమ చంకలో ఉన్నంతసేపూ కానిస్టేబుళ్ళు కదలకూడదు. కుడి చంకలోకి మారిందా, లాఠీ లేవాలి. కళ్ళు ఎప్పుడూ నా మీదే ఉండాలి. ఎందుకని తిమ్మప్ప ఒకసారి అడిగాడు. తప్పొప్పులు చూసుకునేవాణ్ణి నేను, నువ్వు నా చెయ్యివి, అన్నాను. ఎంత గొప్పగా చెప్పానో. వాడు నమ్మాడు. నమ్మమనే కదా చెప్పింది.

ఆ కరువులో సర్కారువాళ్ళు గంజి కేంద్రాలు పెట్టారు. మాకు అక్కడ కాపలా. పెద్ద గుండిగలో రాగి గంజి, ఎండలో పొడుగాటి వరస, చేతుల్లో సత్తు గిన్నెలు, మట్టి మూకుళ్ళు. ఆ రోజు గంజి తక్కువ కాచారు. వెనకవాళ్ళకు ఆ సంగతి తెలిసిపోయి వరస చెదిరింది. ఓబులేసు అనే నడివయసు రైతు, చిన్న కూతుర్ని చంకనేసుకుని ముందుకొచ్చాడు. వెనక్కి పొమ్మన్నాను. పోలేదు. నా ఎదురుగా నిలబడి, గొంతు పెంచకుండానే అన్నాడు:

"ఏమప్పా, లైను లైనంటావు. లైనులో నిలబడితే మా పాపకు గిన్నె కడిగిన నీళ్ళే. మీ ఇంట్లో పొయ్యి మండుతాండాది. ఈడ కడుపులు మండేది నీకు యాడ తెలుస్తాది?"

వరసలో ఎవరో నవ్వారు. ఆడమనిషి నవ్వు.

ఓబులేసు బిడ్డను కిందికి దించి, గిన్నె పట్టుకుని గుండిగ వైపు ఒక అడుగు వేశాడు. ఒకే అడుగు. వాడివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. చెయ్యి పట్టుకుని పక్కకు తెస్తే వచ్చేవాడు. ఇదంతా నాకు అప్పుడే తెలుసు. తరవాత ఆలోచించి తెలుసుకున్నది కాదు. నాకు తోచింది ఒక్కటే: నలుగురిలో నా పరువు తీశాడు. ఆ నవ్వు చెవిలో ఉండగానే బెత్తం కుడి చంకలోకి మార్చాను.

తిమ్మప్ప కళ్ళు నా మీదే ఉన్నాయి. నేర్పినట్టే. దెబ్బ ఓబులేసు మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కన్నా గిన్నె రాళ్ళ మీద పడిన చప్పుడే గట్టిగా వినిపించింది. పిల్ల ఏడవలేదు. పోయి గిన్నె తెచ్చుకుంది.

ఆ చెయ్యి మళ్ళీ సరిగా అతకలేదు. నాగలి మేడి పట్టే చెయ్యి. ఊళ్ళో గొడవైంది, పైకి అర్జీలు పోయాయి, అనంతపురం నుంచి పెద్ద అధికారి విచారణకు వస్తున్నాడని కబురొచ్చింది. ముందురోజు పొద్దున తిమ్మప్ప స్టేషను వెనక నా దగ్గరికొచ్చాడు. భయంగా లేడు. నేనుండగా భయమెందుకని కాబోలు.

"సార్, రేపు ఏమని చెప్పల్ల? మీరు బెత్తం మార్చినారు గదా, నేను కొట్టినా. అంతే చెప్తా."

నేను వాడి మొహం చూడలేదు. "భుజం నొప్పిగా ఉంటే చెయ్యి మార్చుకున్నానురా. అది సైగ కాదు," అన్నాను.

ఇంత తేలిగ్గా వస్తుందా అబద్ధం? ముందు అనుకుని పెట్టుకున్నది కాదు. నాలిక మీద తయారుగా ఉంది. ప్రమోషను దగ్గర్లో ఉందని చెప్పనా, ఇంట్లో పిల్ల పెళ్ళి చెప్పనా? ఉన్నాయి, రెండూ ఉన్నాయి. కానీ అవి కూడా కాదు. నలుగురిలో ఒక పేద రైతు మాటకు ఉడుక్కుని కొట్టించానని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

వాడు నన్ను అనుమానిస్తాడనుకున్నాను. అనుమానిస్తే బాగుండేది.

"అట్లైతే తప్పు నాదే సార్. మీ చెయ్యి జూసినా గానీ, మనిషిని జూడలేదు. కొట్టేముందు మనిషిని జూడాల్సింది."

విచారణలో కూడా అదే అన్నాడు. ఎవరూ చెప్పలేదు, నేనే కొట్టినా అని. నన్ను అడిగితే, నోటితో ఏ ఆజ్ఞా ఇవ్వలేదని చెప్పాను. అక్షరాలా నిజం. తిమ్మప్ప ఉద్యోగం ఊడింది. బట్టలు అప్పగించి పోయేటప్పుడు నా కాళ్ళకు దండం పెట్టబోతే ఆపాను. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

నాకు ప్రమోషను వచ్చింది. ఇంకో విచిత్రం వినండి. కొత్తవాళ్ళకు పని నేర్పడంలో నాకు మంచి పేరొచ్చింది. పక్క స్టేషన్ల కుర్రాళ్ళను కూడా నా దగ్గరికే పంపేవాళ్ళు. నేను బెత్తం సైగ మానేశాను. 'కొట్టేముందు మనిషిని చూడండి' అని చెప్పేవాణ్ణి. ఎంత చక్కగా చెప్పారు సార్ అని మెచ్చుకునేవాళ్ళు. ఎవరి మాట అని ఒక్కడికీ చెప్పలేదు. వాడి ఉద్యోగం తీసుకున్నది చాలక, మాట కూడా తీసుకున్నాను.

కిందటేడు రాయదుర్గం బస్టాండులో కనిపించాడు. భుజాన గొంగడి, పక్కన మీసం మొలుస్తున్న కొడుకు. నేను తల తిప్పుకున్నా పరుగున వచ్చాడు. గొర్రెలు మేపుతున్నాడట, సగం మంద కరువుకు పోయిందట. కొడుకును ముందుకు తోసి, "ఈ సారు నాకు పని నేర్పిన దేవుడురా. నా తెలివితక్కువతో ఈయన పేరు చెడగొట్టబోయినా," అన్నాడు.

అప్పుడు చెప్పాలి. అప్పుడు కాకపోతే ఎప్పుడు? ఆ పిల్లవాడు వింటున్నాడు కదా, తండ్రి తెలివితక్కువవాడని వింటున్నాడు కదా. నోరు తెరిచాను. "వానలు పడతాయిలే" అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. చెప్పవలసిన మనిషి ఉన్న ఊరికి బస్సు పోతుంది. అయినా మీకు చెబుతున్నాను, అది కూడా నా పిరికితనమే. కొట్టమన్నది నేను. తెలిసి, కోపంతో, ఓబులేసు మొహం చూస్తూ. తిమ్మప్ప పొరపాటు పడలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేశాడు.

ఇది చెప్పాక కాస్త తేలిగ్గా ఉంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది. వాడు ఈ పూట కూడా తప్పు తనదే అనుకుంటూ గొర్రెలు తోలుకుపోతుంటాడు.