గోడవైపు తిప్పిన కుర్చీ

ఫిబ్రవరి, రెండో ఆదివారం, సాయంత్రం. సూరత్ నగరం డిండోలిలో మా తెలుగువాళ్ల సంఘం హాలు. వేదిక మీద కిన్నెరతో నేను, డోలుతో మల్లేశం. ముందు వరుసలో నా భార్య సుగుణ, కూతురు రజిత. వాళ్ల వెనక ఉధనా నుంచీ సచిన్ నుంచీ వచ్చిన మన సాంచెల కార్మికులు, అంటే మరమగ్గాలు నడిపేవాళ్లు, వాళ్ల పిల్లలు. నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది.

రెండో పాట మధ్యలో కిన్నెర ఆపి, మైకులోనే మల్లేశాన్ని అడిగాను.

"ఏంది తమ్మీ, గజ్జెలు కట్టుకోకుండనే వచ్చినవా?"

మల్లేశం నా ముఖంలోకి చూశాడు. కుడికాలు కొంచెం ఎత్తి ఆడించాడు. గజ్జెలు ఉన్నాయి, కదులుతున్నాయి. నాకు మాత్రం చప్పుడు వినబడలేదు. అది మా ఆటలో భాగమేననుకుని జనం నవ్వారు. నేనూ నవ్వాను. రజిత నవ్వలేదు.

నేను సాంచెల మధ్య పెరిగినవాణ్ణి. ఆ రొదలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి పెదవులు చూసి మాట అందుకోవడం మాకు చిన్నప్పుడే అలవడుతుంది. ముప్పై ఏళ్లు వచ్చేదాకా సాంచెలు నడిపాను. తర్వాత పాట నన్ను బయటికి తీసుకుపోయింది. కిన్నెర, పిల్లనగ్రోవి, జమిడిక, డోలు, ఏది చేతికి వస్తే అది వాయించేవాణ్ణి. ఐరోపా, జపాన్, ఆఫ్రికా దేశాలు తిరిగాను. భాష తెలియని కళాకారులతో కలిసి వాయించాల్సి వచ్చినప్పుడు వాళ్ల చేతులు చూసి తాళం పట్టుకునేవాణ్ణి. అందరూ నా చెవిని మెచ్చుకునేవారు. అందులో చెవి పని ఎంతో, కంటి పని ఎంతో నేనెప్పుడూ లెక్క చూసుకోలేదు.

ఆ వారమే రజిత నన్ను ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష రాశారు. అద్దం బిగించిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల టెక్నీషియన్ అమ్మాయి మెషిన్ ముందు కూర్చుంది. మొదట్లో కొన్ని శబ్దాలు వినబడ్డాయి. తర్వాత ఏమీ లేదు. కానీ ఆమె మీట నొక్కినప్పుడల్లా భుజం కొద్దిగా కదిలేది. నేను బటన్ నొక్కాను. మళ్లీ కదిలింది, మళ్లీ నొక్కాను. వేదిక మీద డోలు వాయించేవాడి మోచేయి చూసి ఎలా అందుకుంటానో అలాగే.

మొదటిసారి అది అలవాటు కొద్దీ జరిగింది. రెండోసారి నుంచి తెలిసే చేశాను.

"అంకుల్, మీ చెవులు కుర్రవాళ్ల చెవుల్లా ఉన్నాయి" అని డాక్టరమ్మ హిందీలో నవ్వింది. రజిత ఊపిరి పీల్చుకుంది. ఆ రాత్రి డైరీలో "రిపోర్ట్ నార్మల్" అని రాశాను. ఇంకేమీ రాయలేదు.

మేలో ఐరోపాలో ఒక జానపద ఉత్సవానికి అంతకు ముందే ఒప్పుకున్నాం. అక్కడ వేదిక ఏర్పాటు వేరు. మల్లేశాన్ని నా వెనక ఎత్తు మీద నిలబెట్టారు. ఎదురుగా లైట్లు. అతని చేతులు కనబడవు. నేను ఒక నడకలో పోతున్నాను, అతను నన్ను అందుకోవాలని ఎంత ప్రయత్నించాడో తర్వాత వీడియోలో చూశాను. పాట అయిపోయిందని అతను డోలు ఆపాక కూడా నేను కిన్నెర మీటుతూనే ఉన్నాను. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు.

గదికి వచ్చాక మల్లేశంతో అన్నాను, "నీ చెయ్యి జారుతున్నది తమ్మీ. జర చూసుకో."

అతను తల వంచుకుని సరేనన్నాడు. ఇరవై ఏళ్లుగా నాతో తిరిగినవాడు. నా రిపోర్ట్ నార్మల్ అని అతనికి నేనే చెప్పి ఉన్నాను. ఇక తప్పు ఎవరిది అనుకుంటాడు?

సూరత్ వచ్చిన తర్వాత అతను రావడం మానేశాడు. సచిన్‌లో సాంచెల పనికి పోతున్నాడని, డోలు అటక మీద పెట్టేశాడని మల్లేశం భార్య దగ్గర విని వచ్చి సుగుణ చెప్పింది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

ఎవరికీ చెప్పకుండా మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్లి, అద్దంలోంచి టెక్నీషియన్ భుజం చూసి నొక్కానని చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అనిపించింది. లేచి వచ్చి కుర్చీని గోడవైపు తిప్పించింది. ఈసారి బటన్ చాలాసేపు నా చేతిలో ఊరికే ఉంది.

"సెన్సరీన్యూరల్ లాస్. లోపలి నరం దెబ్బతింది. హై ఫ్రీక్వెన్సీ, అంటే సన్నటి శబ్దాలు, రెండు చెవుల్లోనూ పోయాయి, మిగతావీ తగ్గాయి. మిషన్ల మధ్య పని, తర్వాత స్టేజీ స్పీకర్లు. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం."

హియరింగ్ ఎయిడ్ పెట్టిన మొదటి వారం నా చెప్పుల చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. కిన్నెర మీటితే రేకుడబ్బా కొట్టినట్టుంది. ఆ రోజు ఏడ్చాను. చెవిలో పుండు పడి కొన్నాళ్లు తీసేయాల్సి వచ్చింది. తర్వాత ఆడియాలజిస్ట్ సంగీతం కోసం వేరే సెట్టింగ్ పెట్టింది. కిన్నెర కిన్నెరలా కాకపోయినా దాని దగ్గరి చుట్టంలా వినబడటం మొదలైంది.

ఇంట్లో చెప్పాను. మల్లేశానికి చెప్పలేదు. బజారుకు పోతే చెవుల మీదికి తలపాగా దించుకునేవాణ్ణి. డాక్టరుకు చెప్పగలిగిన మాట అతనికి చెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ తన చేతులే చెడిపోయాయని అతను అనుకుంటూ ఉన్నాడు.

ఒక రోజు సాయంత్రం డిండోలిలో వాళ్లింటికి వెళ్లాను. చెవి మిషన్ తీసి అరచేతిలో పెట్టి చూపించి, రిపోర్ట్ ఎలా వచ్చిందో మొత్తం చెప్పాను. అతని పెదవులు చూస్తూ కూర్చున్నాను.

"నా చేతులను నేను రోజూ తిట్టుకున్ననే అన్నా" అన్నాడు. "మా ఇంటిదాన్ని అడిగిన, నాకు పక్షవాతం గిట్ల వస్తున్నదా అని."

లేచి లోపలికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు. వాళ్ల ఇంటావిడ తెచ్చిన చాయ్ తాగకుండానే వచ్చేశాను.

ఇప్పుడు నేను దేశాలు తిరగడం లేదు. పొద్దున ఒక గంట కిన్నెర పట్టుకుంటాను. అంతకు మించితే తలనొప్పి వస్తుంది. ఇది చదివేవాళ్లలో సాంచెల మీద పని చేసినవాళ్లు ఉంటే ఒక్కటే చెబుతాను. వినికిడి పరీక్షకు పోయినప్పుడు కుర్చీ గోడవైపు తిప్పమని మీరే అడగండి. మన కళ్లు మన చెవుల తరఫున అబద్ధమాడటం నేర్చుకుని ఉంటాయి.

నేను వాళ్లింటికి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున, సుగుణ తలుపు తీసింది. మల్లేశం. చేతిలో టిఫిన్ డబ్బా సంచి. డ్యూటీకి పోయే దారిలో వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మిషన్ పెట్టుకున్నవా? ఆ కుర్చీ గోడ దిక్కు తిప్పు. కూసో. ఎనకకు చూడకు. ఇనబడితే చెయ్యి ఎత్తు."

కూర్చున్నాను. ఎదురుగా సున్నం గోడ తప్ప ఏమీ లేదు. నా వెనక సన్నగా, ఎన్నో నెలల తర్వాత, గజ్జెలు మోగాయి. చెయ్యి ఎత్తాను. కుడివైపు మోగాయి, ఎత్తాను. ఎడమవైపు, ఎత్తాను.

తర్వాత ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు. మోగించి ఉంటాడని అనిపించింది. చెయ్యి తొడ మీద నుంచి లేవబోయింది. అక్కడే నొక్కి పెట్టుకున్నాను.

"ఇప్పుడు ఊపలేదన్నా" అన్నాడు మల్లేశం.

సంచి జిప్పు మూసిన చప్పుడు, మెట్లు దిగిన చప్పుడు వినబడ్డాయి. నేను చాలాసేపు గోడవైపే కూర్చున్నాను. లేచి చూస్తే గజ్జెలు బల్ల మీద ఉన్నాయి.