అవ్వ చెప్పిన సాక్ష్యం

బ్లీచింగ్ పౌడర్ వాసన తగిలితే ఎవరికైనా ఆసుపత్రి గుర్తొస్తుంది. మొన్న కర్నూల్లో మా అమ్మాయి వెళ్లే చర్చిలో, వేదిక వెనకాల కట్టిన తొట్టి పక్కన నిలబడ్డప్పుడు అదే వాసన గుప్పున కొట్టింది. నీలం రంగు పలకలు, పట్టుకుని దిగడానికి స్టీలు కమ్మీలు, చలికాలంలో నీళ్లు వెచ్చబెట్టే మిషను, బాప్తిస్మం తీసుకునేవాళ్లకు ఏ ఇబ్బందీ కలగకుండా అన్నీ అమర్చారు. అడుగున పరిచిన పలకల మధ్య సిమెంటు గీతలు కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్లు. అంత తేట నీళ్లను చూస్తే నాకెందుకో నమ్మకం కుదరదు. నేను చూసిన మొదటి బాప్తిస్మం బురద రంగు కాలువ నీళ్లలో జరిగింది. మునిగింది మా అమ్మ. ఆ రోజు నాకు ఆ నీళ్ల మీదా, ముంచే పాస్టరయ్య మీదా, చివరికి మా అమ్మ మీదా కూడా అనుమానమే.

మైదుకూరు నుంచి కడప పోయే దారిలో, కె.సి. కాలువ గట్టున మా ఊరు. కాలువ పక్కన ఊరంటే నీళ్లకు కొదవ లేదనుకుంటారు గానీ, వదిలినప్పుడే అది కాలువ, మిగతా రోజుల్లో మా ఆటస్థలం. బురద ఎండి పెచ్చులు లేచిన చోట తొక్కుడుబిళ్ల గీసుకునేవాళ్లం, గట్టు మీది తుమ్మచెట్ల నీడలో అచ్చనగండ్లు ఆడుకుంటూ, చెనక్కాయలు కాల్చుకు తిని మూతులు నల్లగా చేసుకుని ఇంటికి పోయేవాళ్లం. అందరి పండగలూ తిథిని బట్టి వస్తే, మా ఊరి క్రైస్తవుల బాప్తిస్మాలు మాత్రం తూముల దగ్గర కాపలా ఉండే లస్కరు తలుపు ఎత్తినప్పుడు వచ్చేవి. నీళ్లు కట్టేస్తున్నారని తెలిసిందంటే సంఘంలో హడావుడి మొదలయ్యేది. అప్పుడు మునగనివాళ్లు మళ్లీ వానాకాలం దాకా ఆగాల్సిందే.

మా ఇంట్లో అనుమానానికి పెద్దదిక్కు మా అవ్వ, అంటే మా నాయన తల్లి. పాలల్లో వేలు ముంచి చూడనిదే చెంబు అందుకునేది కాదు, గాజులమ్మే ఆవిడ చేత మలారం అడుగున ఉన్నవి పైకి తీయించి మరీ చూసేది, మబ్బు పట్టినా "ఇది కురిసే మబ్బు గాదులే" అని ఆరబోసిన కాయలు ఎత్తనిచ్చేది కాదు. మా సీమలో మబ్బులు చాలాసార్లు ఆమె మాటే నిలబెట్టేవి. అలాంటి మనిషికి ఎప్పుడూ ఎదురుచెప్పని, గట్టిగా నవ్వని, అడిగినదానికి ఊ అనో ఊహూ అనో తప్ప మాట్లాడని కోడలు దొరికింది. ఇక అనుమానం ఎంత పెరగాలో అంతా పెరిగింది. మా నాయన ఈ ఇద్దరి మధ్యా ఇరుక్కోవడం ఇష్టంలేక పొద్దున్నే చేనికి పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు.

అలాంటి మా అమ్మ ఒక ఏడాది పసుపు తవ్వే రోజుల్లో చర్చికి పోవడం మొదలుపెట్టింది. శాంతమ్మ అని మా తోటలోకి కూలికి వచ్చే ఆమె ఒకతె ఉండేది. ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని, సంఘ పెద్ద హోదాలో చర్చిలో ముందు వరసన కూర్చునేది. గట్టు మీద అన్నాలు తినే వేళ శాంతమ్మ పాడే పాటలు వినీ వినీ అమ్మ ఒక ఆదివారం ఆమె వెంట వెళ్లింది, ఆ తర్వాత మానలేదు. పెద్దకులపు ఇంటి కోడలు దళితుల గేరిలోని ఆ చర్చికి పోయి చాప మీద కూర్చోవడంతో ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంది. మందు పెట్టినారని అవ్వ తేల్చేసింది. చర్చివాళ్లకూ మా అమ్మ మీద నమ్మకం లేదు. "పెద్దింటోళ్లు మన గుడికి ఊరికే వస్తారా? ఓట్లు దగ్గరపడినాయేమో" అని వాళ్లలో వాళ్లు అనుకున్నారట. ఎందుకు పోతున్నావని నాయన ఒక్కసారి అడిగాడు. "ఆడ కూర్చుంటే నెమ్మదిగా ఉండాది" అంది అమ్మ, అంతకు మించి చెప్పలేదు.

బాప్తిస్మం తీసుకుంటానని అమ్మ అడిగాక, సాయంత్రాలు శాంతమ్మ ఇంటి పందిరి కింద పాఠాలు మొదలయ్యాయి. అవ్వ నన్ను అమ్మకు తోడుగా పంపింది. తోడు అనేది పైకి చెప్పే పేరు, అసలు ఉద్యోగం గూఢచారి. జీతం, బెల్లంపాకంలో చుట్టిన చెనక్కాయ ఉండ. ఇంటికి రాగానే అవ్వ నన్ను మంచం మీదికి లాక్కునేది.

"ఏం తినిపిచ్చినారు మే?"

"ఏం లేదవ్వా. పది ఆజ్ఞలు అప్పజెప్పిచ్చినారు."

"ఏమేమి?"

"దొంగతనం చేయకూడదంట. అమ్మానాయన్ను బాగా చూసుకోవల్లంట."

అవ్వ ముందుకు వంగింది. "అత్త సంగతి ల్యాదా దాంట్లో?"

లేదని చెప్పాను. అవ్వకు ఆ మతం మీద ఉన్న అనుమానం అక్కడే ఖాయమైపోయింది. ఇంకో భయం కూడా ఆమెను పీకుతుండేది. ఆ సంఘంలో మునిగిన ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. కొడుకు నిక్షేపంగా బతికుండగా కోడలు ఉత్తి నుదురుతో తిరగడమంటే అవ్వ దృష్టిలో కొడుక్కి కీడు తలపెట్టడమే.

నా భయం వేరు. జమ్మలమడుగు నుంచి మోటారు సైకిలు మీద వచ్చే పాస్టరయ్య ఒకరోజు బాప్తిస్మం అంటే ఏమిటో వివరించాడు. "ఒంటి మురికి పోయేదానికి గాదమ్మా ఈ నీళ్లు. ఇది సమాధి. పాత మనిషి దాంట్లోనే చచ్చిపోతాది, లేచేది కొత్త మనిషి" అన్నాడు. అమ్మ తల ఊపింది. నేను మాత్రం అమ్మ కొంగు పట్టుకున్నాను. నాకు కావాల్సింది పాత మనిషే. గోళ్ల సందుల్లో పసుపు వదలని మనిషి, ఓళిగలు చేసే రోజు పెనం మీది మొదటిదాన్ని అవ్వ కంట పడకుండా నా చేతిలో పెట్టే మనిషి, నేను నిద్రపోయేదాకా వీపు మీద ఊరికే వేళ్లతో గీతలు గీసే మనిషి. ఆ మనిషిని కాలువలో వదిలేసి ఇంకెవరో అదే చీర కట్టుకుని ఇంటికి వస్తే నేను కనిపెట్టగలనా అని రోజంతా దిగులు. ఈ బాప్తిస్మం ఎలాగైనా ఆగిపోవాలని అవ్వతో సమానంగా నేనూ కోరుకున్నాను.

ఆగే దారి ఒకటుంది. ఎవరైనా బాప్తిస్మం అడిగితే సంఘ పెద్దలు వాళ్ల ఇంటికి వచ్చి, ఆ మనిషితో రోజూ వేగేవాళ్లను విచారించేవాళ్లు. మనిషి మారిందా లేదా అన్నదే ప్రశ్న. ఇంట్లోవాళ్లు మారలేదంటే నీళ్లలో దించరు. కోడళ్ల విషయంలో మొగుళ్లను నమ్మకూడదు, అత్తల్నే అడగాలని శాంతమ్మ పట్టుదల. అంటే మా అమ్మ బాప్తిస్మం, అది ఎంతమాత్రం ఇష్టంలేని మా అవ్వ నోట్లో ఉంది.

వాళ్లు వచ్చిన రోజు పెరట్లో పసుపు ఉడుకుతోంది. ఆ వాసన మట్టీ పొగా కలిసి బట్టలకు, అన్నానికి, మంచినీళ్లకు కూడా అంటుకుని ఉంది. అవ్వ నులక మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పాస్టరయ్యకు కుర్చీ వేశారు, శాంతమ్మ అలవాటు చొప్పున మెట్టు మీద కూర్చుంది. అమ్మ ఇద్దరికీ ఇంట్లో మేం తాగే ఇత్తడి చెంబులతోనే నీళ్లు తెచ్చి ఇచ్చి తలుపు చాటుకు వెళ్లింది. అవ్వ చూపు శాంతమ్మ చేతిలోని చెంబు మీదే ఉండిపోయింది.

"పెద్దమ్మా, కాలువ కట్టేస్తాండారు. నీ కోడలు మునుగుతా అంటాండాది. ఆయమ్మలో ఏమన్నా మార్పు వచ్చిందా? ఉండేది ఉన్నట్టు చెప్పల్ల" అంది శాంతమ్మ.

"ఏం మార్పు?"

"కోపం తగ్గిందా, అబద్ధాలు మానిందా, నీతో మర్యాదగా ఉండాదా..."

అవ్వ ఆకూవక్కా నములుతూ పెరట్లోకి చూసింది. "నా కోడలు అబద్ధమాడేది నేనెప్పుడూ సూల్ల్యా. నాకు ఎదురు జెప్పింది ల్యా. పెండ్లయి వచ్చినప్పటినుంచి ఇంతే ఉండాది. ఏం మారలా. మారేదానికి ఏముండాది?"

అవ్వ నోటి నుంచి కోడలి గురించి మంచిమాట వినడం మా ఇంట్లో అదే మొదలు. నాకు సంతోషించాలో కంగారు పడాలో తెలియలేదు. అవ్వ నిజం చెప్పిందా, లేక మారలేదని చెప్పడానికి ఇదే మర్యాదైన దారి అని కనిపెట్టిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. పాస్టరయ్య మాత్రం మంచి సాక్ష్యం వచ్చిందని మురిసిపోయాడు. శాంతమ్మ మురవలేదు.

"పాపమే ల్యాని మనిషికి బాప్తిస్మం ఎందుకయ్యా? నాకు అనుమానంగా ఉండాది" అని తలుపు వైపు తిరిగింది. "ఏమ్మా, మీ అత్త చెప్పింది వింటివి గదా. నిజమేనా?"

అవునంటే అమ్మకు జీవితంలో దొరికిన ఒకే ఒక్క మెప్పు మిగులుతుంది, కాలువ మాత్రం దక్కదు. అమ్మ గడప దాటి వచ్చి నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "నిజం గాదక్కా" అంది. శాంతమ్మను మా ఇంట్లో ఒకరు అక్కా అని పిలవడం కూడా అదే మొదలు. "పైకి ఏమీ అనలా గానీ, లోపల ఈయమ్మను తిట్టుకోని పొద్దు ల్యా. సంగటి ముద్ద పళ్ళెంలో ఏసేటప్పుడు గూడా, ఈ ముసల్ది ఎప్పుడు పోతాదా అనుకుంటాంటి. ఇప్పుడు గూడా అప్పుడప్పుడు అనుకుంటా. ఆ బుద్ధి పోవల్లనే మునుగుతా అంటాండా."

పాస్టరయ్య తల దించుకున్నాడు. నేను అవ్వ ముఖం వైపు చూశాను, ఇల్లు కూలిపోతుందనుకున్నాను. అవ్వ ఆకు పిప్పి ఉమ్మేసి, మూతి తుడుచుకుని, "నాకు తెల్దా?" అంది. "సంగటి గెలికేటప్పుడు తెడ్డు సప్పుడు ఇంటే తెలుస్తాది. ఆ కుండలో నా తలకాయ ఉన్నట్టే గెలుకుతాది." ఆమె గొంతులో కోపం లేదు, ఇన్నేళ్ల అనుమానం రుజువైన మనిషికి ఉండే నిమ్మళం ఉంది. శాంతమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అవ్వ కూడా నవ్వింది, నిలబడ్డచోటే అమ్మ ఏడ్చింది. "తీస్కపోయి ముంచుకోండి" అంది అవ్వ.

బాప్తిస్మం రోజుకు కాలువలో నీళ్లు నడుము లోతుకు దిగిపోయాయి. పాట ఆగి, పాస్టరయ్య అమ్మ వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చినప్పుడు నేను ఊపిరి బిగపట్టాను. లేచిన మనిషి ముక్కులోకి నీళ్లు పోయి దగ్గుతుంటే ఆ దగ్గు మా అమ్మదేనని గుర్తుపట్టాను. అయినా నమ్మకం చాలక, మోచేతి మీద నూనె చిట్లిన మచ్చ ఉందో లేదో ఇంటికి వచ్చాక చూసుకున్నాను. అవ్వ గట్టు మీదికి రాలేదు. కుంకుమ భరిణె పట్టుకుని గడపలోనే కాచుకుని, తడి చీరతో వచ్చిన కోడలి నుదుటి మీదికి వేలు చాపింది.

"వద్దత్తా" అంది అమ్మ.

ఆ ఇంట్లో అమ్మ అవ్వకు చెప్పిన మొదటి ఎదురుమాట అది. ఆ పూట పెద్ద గొడవే జరిగింది. ఇద్దరూ గొంతులెత్తి వాదించుకున్నారు, నాయన చేనికి పారిపోయాడు. అది మొదలు వాళ్లిద్దరూ బొట్టు గురించి, ఉప్పు గురించి, నా జడ గురించి పోట్లాడుకుంటూనే ఉండేవాళ్లు, ఆ వెంటనే కలిసి కూర్చుని చింతపండు ఒలిచేవాళ్లు. ఊళ్లోవాళ్లు నీ కోడలు మతంలో కలిసి చెడిపోయిందే అని అవ్వను కదిలిస్తే, "ఇప్పుడే మేలు. కడుపులో ఏముండాదో నోట్లో అదే ఉండాది" అనేది. చివరి రోజుల్లో మంచాన పడ్డప్పుడు, ఎవరు ఏం తెచ్చిపెట్టినా వాసన చూసి పక్కన పెట్టే అవ్వ, అమ్మ చేతి సంగటి మాత్రం కళ్లు మూసుకుని తినేది.

అవ్వ లేదు, శాంతమ్మ లేదు, అమ్మ కూడా పోయింది. ఆ కాలువలో ఇప్పుడు ఎవరినీ ముంచడం లేదు, మా ఊళ్లోనూ తొట్టి కట్టారట. నేను ఇంతవరకు ఏ నీళ్లలోనూ మునగలేదు, గట్టు మీదే ఉండిపోయాను. మా అమ్మాయి మాత్రం పాఠాలన్నీ ఫోనులోనే విని, ఆదివారం బాప్తిస్మం, నువ్వు రా అమ్మా అని చెప్పింది. ఆ వారమంతా నేను ఇల్లు సర్ది, రెండు మంచి గ్లాసులు కడిగి బయటపెట్టి ఎదురుచూశాను. కూతురి గురించి ఎవరైనా వచ్చి అడిగితే మంచీ చెడూ ఉన్నదున్నట్టు చెప్పాలని మాటలు కూడా కూర్చుకున్నాను. ఎవరూ రాలేదు. ఆదివారం మా అమ్మాయి ఆ తేట నీళ్లలోంచి లేచి, తల తుడుచుకుని, అందరి వైపూ చూసినట్టే నా వైపూ చూసి చక్కగా నవ్వింది. నాకు ఎప్పుడూ ఎదురుచెప్పదు నా కూతురు. దాని మనసులో నా మీద ఏముందో అడిగేవాళ్లు లేరు, అడిగే ధైర్యం నాకు లేదు.