అరైజ్ నుంచి కమ్ దాకా

అరవైల చివర, అంతవరకూ తెలుగులోనే చదువుకున్న నేను హైదరాబాదులో యూనివర్సిటీకొచ్చి ఇంగ్లీషులో పడ్డాను. హాస్టల్లో నా గదిలోనే ఉండే మిత్రుడిదీ అదే గతి. సాయంత్రాలు ఇద్దరం తార్నాకలో ఒక మాస్టారి దగ్గరికి ట్యూషన్‌కు వెళ్ళేవాళ్ళం. ఆయన ఇంగ్లీషు క్రియల భూతకాల రూపాలను ఎక్కాల్లాగా బట్టీ పట్టించేవాడు. అరైజ్, అరోజ్, అరిజెన్‌తో మొదలు. ఎక్కడ తడబడినా బల్లమీద బెత్తంతో కొట్టి, "మళ్ల మొదటికెళ్లి చదువుండ్రి" అనేవాడు. పెళ్ళీడుకొచ్చిన మగవాళ్ళం, క్యాంపస్‌కు తిరిగి నడిచే దారంతా చిన్నబడి పిల్లల్లా రాగం తీసేవాళ్ళం. ఆ రాగం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నోటి పరీక్షనాడు లెక్చరర్ నన్ను ఇంగ్లీషులో ఒకటే అడిగాడు: హైదరాబాదుకు ఎప్పుడు వచ్చావు? 'వచ్చాను'కు ఇంగ్లీషు మాట నాకు తెలుసు. కాని అది ఎక్కంలో ఎక్కడో కింద ఉంది. దాన్ని అందుకోవాలంటే పైనుంచీ దిగి రావాల్సిందే. లోలోపల అరైజ్ అని మొదలుపెట్టాను. బిగిన్ దాటాను. బ్రేక్ దగ్గర ఉండగా ఆయన, "ఆ పెదాలు కదపడమేమిటయ్యా? సరే, వెళ్ళు" అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

వరండాలోకి వచ్చాక కమ్, కేమ్ తగిలాయి.

తన వంతు కోసం అక్కడే నిలబడ్డ మిత్రుడు, "ఏమడిగిండురా?" అన్నాడు. చెప్పాను.

"గంతేనా? గా మాట నాకొస్తదిరా" అని నవ్వి, కళ్ళు మూసుకున్నాడు. వాడి పెదాలు కదిలాయి. అరైజ్, అరోజ్...