పై వరస ఎడమ పన్ను

మా బావ నోట్లో ఇరవై మేకులు పెట్టుకుని కూడా నన్ను తిట్టగలిగేవాడు. సోఫాలకూ కుర్చీలకూ గుడ్డ వేయడం ఆయన పని. గుప్పెడు బుల్లి మేకులు నోట్లో వేసుకుని, నాలుకతో ఒక్కొక్కదాన్నీ ముందు పళ్ల మధ్యకు తోసి పట్టుకునేవాడు. అయస్కాంతం ఉన్న సుత్తి పెదవుల దాకా వెళ్లి మేకును అందుకుని చట్రంలో దించేది. ఎడమ చెయ్యి మాత్రం గుడ్డను బిగలాగి పట్టుకునే ఉండేది. ఆ వేగం చూడటానికి వీధిలో పోయేవాళ్లు ఆగేవారు. ‘మేకుల నోరు’ అని పిలిస్తే ఆయన మురిసిపోయేవాడు కూడా.

నేను ఆయన భార్యకు చెల్లెల్ని. ఆ కొట్లోనే కుట్టుమిషను నాది. ఆయనకు జరిగిన అన్యాయం నా కళ్లముందే జరిగింది కాబట్టి, ఇది చల్లగా చెప్పడం నా వల్ల కాదు.

తొమ్మిదేళ్ల కింద ఒక పాత సోఫా చట్రం జారి బావ మూతికి తగిలింది. కుడివైపు ముందు పన్ను వేరు చిట్లింది. నేనే వెంటబెట్టుకుని మా వీధి చివరి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే తీసి, గోరంత ఫిల్మును వెలుగు పెట్టెకు తగిలించాడు. మత్తు సూది ఇచ్చాడు. బావ వేలితో చూపించి, “కుడిది డాక్టరుగారూ” అన్నాడు.

“మీరు ఆగండి. నాకు కనపడుతోంది,” అన్నాడు డాక్టరు. ఎడమది పీకేశాడు.

ఫిల్మును తిరగేసి పెట్టాడు, అంతే. మా పనిలోనూ ఈ తప్పు ఉంది. గుడ్డను తిరగేసి పరిచి కోస్తే సోఫాకు కుడి చెయ్యి ముక్క ఎడమ చెయ్యికి తయారవుతుంది. అందుకే బావకు కుర్చీలో ఉండగానే విషయం అర్థమైపోయింది. కానీ నోటినిండా దూది. డాక్టరు చేతులు కడుక్కోవడానికి అటు తిరగ్గానే, పళ్లెంలో పడి ఉన్న పన్నును తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

నొప్పి అలాగే ఉండిపోయింది. చుట్టుపక్కల ఇంకో పళ్ల డాక్టరు లేడు. మర్నాడు మళ్లీ అక్కడికే పోయి, “నిన్న మీరు మంచి పన్ను తీశారు,” అన్నాడు బావ. డాక్టరు తలెత్తి మొహమైనా చూడలేదు. “రెండూ పాడే. తీసేయడమే మంచిది,” అని రెండోదీ పీకి పంపించాడు.

ఒక్క మాట, ‘పొరపాటైంది’ అని ఉంటే మా బావ అక్కడితో వదిలేసేవాడు. మెత్తని మనిషి. నేనైతే అప్పుడు కూడా వదిలేదాన్ని కాదు.

ఆ తర్వాత పని కుంటుపడింది. మేకు కోసం ఎడమ చెయ్యి డబ్బాలోకి వెళ్లేది. చెయ్యి వదలగానే గుడ్డ సడలేది. మళ్లీ లాగాలి, మళ్లీ వదలాలి. పెట్టుడు పళ్లు కట్టించుకున్నాడు కానీ మేకు పట్టుకోగానే అవి ఊడి మేకులతో సహా ఒళ్లో పడేవి. ఒకసారి సోఫా ఇచ్చినవాళ్ల ముందే పడ్డాయి. వాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆ పన్ను మాత్రం మేకుల డబ్బాలో, ఒక అరలో ఒంటరిగా ఉండేది. మచ్చ లేని పన్ను. రోజూ పొద్దున డబ్బా తెరిచి దాన్ని ఒకసారి చూసి, తర్వాత సుత్తి అందుకునేవాడు. “ఇది మంచి పన్నని ఆ డాక్టరు నోటితోనే అనిపిస్తాను,” అనేవాడు. ఇంకేం కోరలేదు.

ఎనిమిదో ఏట అక్క పట్టుబట్టి ఇంకో పేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపింది. ఆమె స్కాన్ తీసి తెర మీద చూపించింది. పళ్లు లేని చోట ఎముక ఏళ్ల తరబడి కరిగి, రేకులా పలచబడిందట. పన్నుకు ఆధారంగా స్క్రూ బిగించాలంటే చుట్టూ పట్టు కావాలి. ముందు ఎముక వేసి ఆ చోటు పెంచాలి, ఆ తర్వాతే పళ్లు.

“నా ఎముకను కూడా తినేశాడన్నమాట,” అన్నాడు బావ. ఫిల్ము సంగతి చెబితే డాక్టరమ్మ నొచ్చుకుంది. “ఆ ఫిల్ము మూలన ఒక చిన్న బుడిపె ఉంటుందండీ. ఏ వైపో తెలియడానికే అది. చూసుకోకపోతే ఇలాగే అవుతుంది,” అంది.

కింది దవడ వెనక నుంచి గోరంత ఎముక తీసి, దానికి ఎముక పొడి కలిపి, పలచబడిన చోట కూరింది. పైన పల్చటి పొర పరిచి, ఆవగింజంత మేకులతో అంచులు బిగించింది. అప్పుడు చిగురు లాగి కుట్లు వేసింది. మత్తులో ఉన్నా బావ అన్నీ లెక్కపెడుతూనే ఉన్నాడు. బయటికి వచ్చాక, వాచిన మూతితో నన్ను పట్టుకుని, “అచ్చం మన పనేనే! కూరడం, గుడ్డ పరచడం, మేకులు దించడం. కాస్త ఎక్కువ కూరిందనిపించింది,” అన్నాడు. డాక్టరమ్మ విని పకపకా నవ్వింది. “ఎక్కువే కూరతాం. ముందు ముందు కొంత అణిగిపోతుంది.”

“సోఫాలో దూది కూడా అంతే!” అన్నాడు బావ. పెద్ద దోస్తీ అయిపోయింది ఇద్దరికీ.

ఎముక అతుక్కోవడానికి ఆరు నెలలు. స్క్రూలు కుదురుకోవడానికి ఇంకో నాలుగు. ఆ పది నెలలూ ముందు పళ్ల వైపు ఏదీ తగలనివ్వకుండా, మెత్తటి తిండి తింటూ గడిపాడు. చివరికి రెండు పళ్లు వచ్చాయి. అద్దం ముందు మొహం వెలిగిపోయింది. అప్పుడు చెప్పింది డాక్టరమ్మ, “వీటితో మేకులు మాత్రం పట్టుకోకండి. పింగాణీ, పెచ్చు లేచిపోతుంది.”

వెలిగిన మొహం అక్కడే ఆరిపోయింది. 

సరిగ్గా రెండు వారాలకు మా కొట్టు ముందు వ్యాను ఆగింది. పేషెంట్లు పడుకునే పెద్ద కుర్చీ, డాక్టరు కూర్చునే, వీపు ఆనుకునే స్టూలు. రెండిటికీ కొత్త తోలు వేయాలట. చీటీ మీద మా వీధి చివరి డాక్టరు పేరు చూసి నా ఒళ్లు భగ్గుమంది.

“బావా, స్టూల్లో నాలుగు మేకులు మొన పైకి పెట్టి కుట్టేస్తాను. నువ్వు అటు తిరిగి కూర్చో,” అన్నాను. నేను మంచిదాన్నని ఎప్పుడూ చెప్పుకోలేదు.

“పోనివ్వండి. కొత్త పళ్లు వచ్చాయి కదా,” అంది అక్క లోపలి నుంచి.

“వచ్చాయి. మేకు పట్టలేని పళ్లు,” అన్నాడు బావ. తర్వాత నాతో మెల్లగా, “మేకు పెడితే నేను చేసినట్టు అవుతుంది. ఆయన చేసిందే ఆయనకు పెడదాం,” అని డబ్బా తెరిచాడు.

పేషెంట్ల కుర్చీకి ఒక్క ముడత లేకుండా వేశాడు, వాళ్లేం పాపం చేశారని. స్టూలుకు మాత్రం స్పాంజి పైన, కుడివైపు, వేరు మొన పైకి వచ్చేలా ఆ పన్నును పెట్టాడు. దాని మీద తోలు నేనే కుట్టాను. అంత చక్కని కుట్టు నా జన్మలో వేయలేదు.

అయిదో రోజు పొద్దున కబురొచ్చింది. ఇద్దరం వెళ్లాం. బయట బెంచీల మీద ఆరుగురు పేషెంట్లు, తలుపు బార్లా తెరిచి ఉంది. డాక్టరు బావను గుర్తుపట్టలేదు. ఆయనకు గుర్తుండేది నోరే, ఆ నోరు ఇప్పుడు మారిపోయింది.

“ఏం కుట్టావయ్యా! కుడివైపు ఏదో పొడుస్తోంది. కూర్చోలేక చస్తున్నాను.”

బావ స్టూలు ముందు మోకాళ్ల మీద కూర్చుని కత్తి తీశాడు. ఎడమవైపు తోలు పరపరా కోశాడు.

“అటు కాదయ్యా! కుడి అని చెప్తున్నానా?”

“మీరు ఆగండి. నాకు కనపడుతోంది,” అన్నాడు బావ. స్పాంజి పీకి చూపించాడు. ఏమీ లేదు. కొత్త తోలు నాశనమైంది. డాక్టరు మొహం కందగడ్డ అయింది. “కుడివైపు కూడా తీసేస్తాను డాక్టరుగారూ. రెండూ పాడే. తీసేయడమే మంచిది.”

ఆ మాటలు తనవేనని కూడా ఆయనకు తట్టలేదు.  ఇంత చేసీ, డాక్టరు ఆ పన్నును చెత్తబుట్టలో పారేసి పొమ్మంటే?

బావ కుడివైపు కోసి, పన్ను తీసి, అరచేతిలో పెట్టి చాచాడు.

డాక్టరు కోపం మరిచిపోయాడు. ముప్పై ఏళ్ల అలవాటు మరి. కళ్లజోడు సర్దుకుని, పన్నును వెలుతురులో తిప్పి చూశాడు. “పన్ను! పై వరస, ఎడమ, ముందు పన్ను. వేరు చూడు ఎంత నిండుగా ఉందో! పుచ్చు లేదు, బీట లేదు. ఇంత మంచి పన్ను పీకిన చేతకాని వెధవ ఎవడయ్యా?” అన్నాడు, బయట అందరికీ వినపడేలా.

బావ లేచి నిలబడి పై పెదవిని వేలితో ఎత్తి పట్టుకున్నాడు. “మీరే డాక్టరుగారూ. తొమ్మిదేళ్ల కింద, ఈ గదిలోనే. నేను కుడిది అన్నాను.”

డాక్టరు ఒకసారి ఆ కొత్త పళ్లను, ఒకసారి చేతిలోని పన్నును చూశాడు. బావ ఆయన వేళ్ల మధ్య నుంచి పన్నును తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు జాలి వేయలేదు, ఇప్పటికీ వేయదు.

మేం గుమ్మం దాటుతుండగా, చెంప పట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఒకావిడ లేచి తలుపు దగ్గరికి వచ్చింది.

“డాక్టరుగారూ, నాది ఏ వైపని రాసుకున్నారు?”