గోడ బయట చోటు

శవపెట్టెను సమాధుల తోట గేటు ముందు దించారు. పాస్టరు తాళంచెవి జేబులో వేసుకుని, చనిపోయినవాడు దేవుడు ఏర్పరచుకున్నవాడు కాడని ప్రకటించాడు. హనుమకొండ నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒప్పుకోలేదు. మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, ఇతను ఎంచుకున్నాడు, ఆ విశ్వాసమే ఇతన్ని నీతిమంతుణ్ణి చేసింది అన్నాడు. మిట్టమధ్యాహ్నం, శవాన్ని మధ్యన పెట్టుకుని, ఇద్దరు చదువుకున్నవాళ్లు గంటసేపు వాదించుకున్నారు. విలేకరిగా మునిసిపాలిటీ సమావేశాలు చాలా చూశాను. అక్కడ కనీసం టీ ఇచ్చేవారు.

చనిపోయినవాడు మిల్లు కార్మికుడు, మా వాడకట్టువాడు. రెండేళ్లుగా భార్యాభర్తలిద్దరూ ప్రతి ఆదివారం చర్చికి పోయారు. బాప్తిస్మానికి పేర్లు ఇచ్చారు. అనుకున్న రోజుకు హైదరాబాదు నుంచి పెద్ద అతిథి రాలేదు. ఫొటోలో ఆయన లేకపోతే ఎట్లా అని పాస్టరు కార్యక్రమాన్ని రెండు వారాలు వాయిదా వేశాడు. ఆ మధ్యలో జ్వరం తగిలి మనిషి పోయాడు. బాప్తిస్మం లేనివాళ్లకు తోటలో చోటు లేదు. చర్చికి పోయినవాడికి కులం వాళ్లు తమ శ్మశానంలో చోటు ఇచ్చేది లేదన్నారు. అతని భార్యకు మిగిలింది ఈ గేటే.

“దైవ నిర్ణయానికి మనం అడ్డుపడగలమా?” అన్నాడు పాస్టరు.

“నీళ్లల్ల మునగనోడు దేవునికి కనపడడా?” అన్నాడు ప్రసంగీకుడు.

“జర జల్ది తేల్చుండ్రి అయ్యగారూ,” అన్నాడు మోసుకొచ్చినవాళ్లలో ఒకడు. “మీ దేవుడు ఆగుతడేమో, ఈ ఎండకు పీనుగు ఆగదు.”

నేలమీద కూర్చున్న భార్య తలెత్తింది. “అయ్యగారూ, తారీఖు మార్చింది దేవుడా, మీరా?”

దుఃఖంలో ఉన్న స్త్రీలతో సిద్ధాంతం మాట్లాడరాదని పాస్టరు సెలవిచ్చాడు. ప్రసంగీకుడు గడియారం చూసుకుని రిక్షా ఎక్కాడు. దేవుని అధికారం ఎంతవరకో, మనిషి ఇష్టం ఎంతవరకో అంత శ్రద్ధగా కొలిచినవాళ్లు, ఆ జేబులోంచి తాళంచెవి తీయడం ఎవరి ఇష్టమో మాత్రం చెప్పలేకపోయారు.

గోడ బయట, పల్లేరుకాయల మధ్య గుంట తవ్వి పూడ్చారు.

వాయిదా వేసిన తారీఖుకు అతిథి వచ్చాడు. ఆమె బాప్తిస్మం తీసుకుంది. ఫొటోలో చివరి వరుసలో ఉంది. ఆ వార్త నేనే రాశాను. గోడ బయట ఉన్నవాడి గురించి రాయలేదు.

పంతొమ్మిదివందల ఎనభైల చివర్లో ఆమె చర్చి సంఘం కమిటీకి అర్జీ పెట్టుకుంది, పోయాక తనను గోడ బయట మొగుడి పక్కనే పెట్టాలని. బాప్తిస్మం పొందిన మనిషిని బయట పాతిపెట్టవచ్చా అని చర్చ మొదలైంది. కమిటీ ఇంకా తేల్చలేదు.