పేపర్లోకి ఎక్కని మంట

ఎనభైల చివర్లో ఒక వేసవి పొద్దున, మా చెల్లెలు సత్యవతి ఉండే ఊరు తగలబడిపోతోందని హిందీ పేపరు చెప్పింది. అమ్మకు హిందీ మాట్లాడడమే గానీ చదవడం రాదు. అందుకని బిలాస్‌పూర్ తోర్వాలో మా గడప దగ్గర కూర్చుని "అగ్నివలయంలో ఖోంగ్‌సరా స్టేషన్" అని పైకి చదివే భాగ్యం నాకే దక్కింది.

సత్తికి ఐదో నెల. మా బావ ఆ అడవి స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. అంతా బాగానే ఉందని రైల్వే ఫోన్లో కబురు పంపాడు. అమ్మ నమ్మలేదు.

"మగోళ్ళు అలగే సెప్తారు. పేపరోడికి అబద్ధం సెప్పాల్సిన పనేటి? నువ్వెల్లి దాన్ని తీసుకొచ్చీ. అది నేకుండా వచ్చేవంటే తలుపు తియ్యను" అంది.

మర్నాడు పొద్దున ఏడింటికి కట్నీ వైపు పోయే పాసింజరెక్కాను. ఆ దారిన వెళ్ళదలచినవారు తిండి ఇంటి నుంచే కట్టించుకోవాలి. ఉస్లాపూర్ దాటాక ఆ బండి ప్రతి చెట్టునూ పలకరించి గానీ కదలదు. నా దగ్గర పులిహోర ఉంది కానీ అది సత్తికట. ముట్టుకుంటే ఏమవుతుందో అమ్మ ముందే చెప్పింది.

ఎదురు బెంచీ మీద ఒకాయన మెడలో కెమెరాతో కూర్చున్నాడు. మాటల్లో తెలిసింది, ఆ వార్త రాసిన విలేకరి ఆయనేనట.

"మంటలు ఎలా ఉన్నాయండీ?" అని హిందీలో అడిగాను.

"ఇంకా చూడలేదు. ఆఫీసులో కూర్చుని ఫోన్లో విని రాశాను. ఫొటో కోసం ఇప్పుడు వెళ్తున్నాను" అన్నాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

పక్కన ఖాళీ బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆదివాసీ ముసలామె మా ఇద్దర్నీ వింతగా చూసింది. "ఏటేటా కాలుస్తాం కదా. కింద ఆకులు కాల్చకపోతే రాలిన ఇప్పపూలు ఎలా కనిపిస్తాయి?" అంది. నాకు విలేకరి మీద ఒళ్ళు మండిపోయింది. ఈయన ఫోను కబురుకి మా అమ్మ రాత్రంతా నిద్రపోలేదు మరి.

పదకొండింటికి దిగాం. అగ్నివలయం మాట దేవుడెరుగు, చెట్ల కింద అక్కడక్కడా నల్లబడిన నేలా, కాస్త పొగా తప్ప ఏమీ లేదు. సత్తి క్వార్టర్ ముందు బొగ్గుల కుంపటి, అదే సిగ్డీ, ముట్టించి విసనకర్రతో విసురుతోంది.

"ఏటన్నియ్యా, సెప్పకుండా వచ్చీసేవు?" అంది. సంగతి చెబితే పడీపడీ నవ్వింది. విలేకరి మొహం మాత్రం వాడిపోయింది. చివరికి ఆయన సిగ్డీ పొగ ముందు సత్తిని నిలబెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోమని ఫొటో తీశాడు. పెళ్ళి ఫొటోకి కూడా అది అంత బుద్ధిగా నిలబడలేదు.

భోజనాలయ్యాక గాలి తిరిగింది. ఆరిందనుకున్న నిప్పు ఎండుటాకులు పట్టుకుని క్వార్టర్ వెనక కంచె దాకా వచ్చేసింది. బావ కదలడానికి లేదు. గూడ్సు వస్తోంది. పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి మా వైపే చూస్తున్నాడు. పూలేరుకునే ఆడవాళ్ళు బుట్టలు పడేసి, పచ్చి కొమ్మలు విరుచుకుని పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ పక్కన చేరి నేనూ విలేకరీ మంటను బాదాం. సత్తిని కూర్చోమని నేను అరుస్తూనే ఉన్నాను, అది నీళ్ళ బకెట్లు మోస్తూనే ఉంది. అంత భయం నా జన్మలో ఎరగను. గూడ్సు దాటి బావ వచ్చేసరికి సగం కంచె బూడిదైంది గానీ మంట ఆరింది. విలేకరి కెమెరా లోపల మంచం మీదే ఉండిపోయింది.

"సాయంత్రం బండికి నాతో వచ్చెయ్" అన్నాను.

"ఆయన డ్యూటీ నించి వస్తే కూడెవులు పెడతారు? ఏడో నెలకి ఎలాగూ వస్తాను. అమ్మకి మాత్రం ఏటీ సెప్పకు. సెప్పేవంటే నన్నిక్కడ ఉండనివ్వదు" అంది సత్తి.

తిరుగు బండిలో విలేకరిని బతిమాలాను. "ఇవాళ్టి సంగతి రాయకండి. మా అమ్మ ప్రతి ముక్కా చదివించుకుంటుంది."

"అచ్ఛా" అన్నాడాయన, మసి పట్టిన మొహం తుడుచుకుంటూ. "నేను చూడని మంట రాస్తే మీకు కోపం. చెయ్యి కాల్చుకున్న మంట మాత్రం రాయకూడదు."

నేను మళ్ళీ బతిమాలాను. చివరికి, సిగ్డీ ఫొటో వేసి "మంటలు అదుపులో" అని రాస్తానని ఒప్పుకున్నాడు. నాకా మాట ఎంతో ముద్దొచ్చింది. దూరం నుంచి కబురు మోసేవాడి కష్టం ఏమిటో ఆ ప్రయాణంలోనే నాకు తెలిసొచ్చింది.

బిలాస్‌పూర్ చేరేసరికి చీకటి పడింది. అమ్మ ప్లాట్‌ఫారం మీదే ఉంది. దారంతా కూడబలుక్కున్నది ఒక్క గుక్కలో చెప్పేశాను. "అక్కడేం లేదమ్మా, పేపరంతా అబద్ధం. సత్తి నిక్షేపంలా ఉంది."

అమ్మ నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి వాసన చూసింది.

"పొద్దున్న బండికి నానెల్తాను. నువ్వు ఇంటికి పోయి ఆ చొక్కా ఉతుక్కో" అంది.