పక్కింటి నిమ్మచెట్టు మీద నేను వదిలిన పురుగులు

పక్కింటామె నిమ్మచెట్టు మీద పురుగులు వదిలింది నేనే. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఇప్పుడు చెబుతుంటే కూడా నోరు తియ్యగానే ఉంది.

మా ఆయన బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. వయసంతా భూమి లోపలే గడిచింది. ఇప్పుడు నాలుగు అడుగులు వేస్తే దమ్ము వస్తుంది, ఎక్కడికీ పోలేడు. కాలనీ అవతల మేం కట్టుకున్న రేకుల ఇంటి వెనక జానెడు పెరడుంది. అందులో ఒక కరివేపాకు చెట్టు, బంతి, గునుగు. ఓసీలో, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, బ్లాస్టింగ్ అయిన రోజు ఆకులన్నీ దుమ్ము పట్టి బూడిద రంగుకు తిరుగుతాయి. సాయంత్రం చెంబుతో నీళ్లు కొట్టి కడుగుతాను.

వానాకాలం పొడుగునా ఆ కరివేపాకు చెట్టుకు సీతాకోకచిలుకలు వస్తాయి. నల్ల రెక్కల మీద పసుపు చుక్కలు. చిగుళ్ల మీద గుడ్లు పెట్టి పోతాయి. పురుగు పుట్టినప్పుడు పిట్ట రెట్టలా ఉంటుంది. తిని తిని ఆకుపచ్చగా, బొద్దుగా అవుతుంది. ఆఖరికి నడుముకు దారం కట్టుకుని కొమ్మకు ఆనుకుని గూట్లో నిద్రపోతుంది. మా ఆయన కుర్చీ చెట్టు పక్కకు లాక్కుని, ఆ గూడు ఎప్పుడు పగులుతుందా అని కాచుకునేవాడు. అది తడి రెక్కలతో బయటికొచ్చి, ఎండకు ఆరబెట్టుకుని ఎగిరిపోతుంటే, "ఇది సుత డ్యూటీ అయిపోయి పైకొచ్చినట్టే ఉన్నదే" అనేవాడు. పొద్దు పొద్దంతా ఆయనకు అదే పని, అదే సంతోషం.

గోడ అవతల ఉండే ఆమె మమ్మల్ని అక్కా, బావా అని వరసపెట్టి పిలుస్తుంది. పిలుపుకేం తక్కువ లేదు.

"అక్కా, మీ చెట్టు పురుగులు నా చీరెల మీదికొస్తున్నయ్. ఒళ్లంత దురద."

"అవి దురద పురుగులు కావు చెల్లె. ఆకు తప్ప ఇంకోటి ముట్టయి."

"పురుగంటె పురుగే అక్కా."

ఈ వానాకాలంలో ఒకరోజు మా ఆయన్ను దవాఖానకు తీసుకుపోయాను. తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతోంది. ఆ రోజు వాన లేదు, చెట్టు మాత్రం తడిసి ఉంది. పత్తి చేన్లో కొట్టే మందు వాసన. చెట్టు కింద పచ్చటి పురుగులన్నీ ముడుచుకుని పడున్నాయి. అప్పుడే గూడు విడిచిన సీతాకోకచిలుక ఒకటి మట్టిలో గిరగిరా తిరుగుతోంది. నేను అడగకముందే గోడ మీదినుంచి ఆమె తల పైకొచ్చింది.

"నేనే కొట్టిన అక్కా. మీకు తిప్పలెందుకని."

మా ఆయనకు ఆ వాసనకు దగ్గు అందుకుంది. మర్నాడు పొద్దున కుర్చీని ఇంట్లోకి లాక్కుని గోడకేసి కూర్చున్నాడు.

"పెరట్లకు రావా?"

"వచ్చి ఏం జూడాలె?"

తిట్టాలంటే నా నోరు సంగతి మా గల్లీకి తెలుసు. కానీ తిడితే ఆమె రెండు కన్నీళ్లు కారుస్తుంది, నలుగురూ చేరి "పురుగుల కోసం కొట్లాటా?" అంటారు. నోరు కుట్టుకున్నాను. మరిచిపోలేదు.

వానలకు మందు కడుక్కుపోయింది, కొత్త చిగురొచ్చింది. వినాయక చవితి దాటాక సీతాకోకచిలుకలు మళ్లీ వాలాయి. పరుగున పోయి ఆయనకు చెప్పాను. ఆయన తల కూడా తిప్పలేదు.

"వద్దే. మల్ల కొడ్తది."

ఆ మాట దగ్గరే నా బుర్ర తిరిగింది. ఈమె మందు కొట్టని చోటేది? ఆమె పెరట్లోని నిమ్మచెట్టు! దసరాకు మా గల్లీలో దుర్గమ్మను నిలబెడతారు. అమ్మవారి మెడలో నిమ్మకాయల దండ ఏటా ఈమెదే. "మా పెరటి కాయలు, మందు చుక్క తగల్లేదు" అని మండపంలో అందరికీ వినిపించేలా చెబుతుంది. కరివేపాకు తినే ఆ పురుగుకు నిమ్మాకు అంటే ఇంకా ఇష్టం.

ఇక చూడండి. ఆమె నల్లా దగ్గరికి పోయిన పూటల్లా, పురుగు ఉన్న ఆకును ఉన్నట్టే తుంచి, గోడ మీదుగా వంగి నిమ్మకొమ్మకు ఆనించేదాన్ని. "పోండి బిడ్డా, అత్తగారింట్ల మంచిగ తినుండ్రి" అని సాగనంపేదాన్ని.

దసరా ముందొచ్చే పెత్రమాస నాటికి నా బిడ్డలు బాగా బలిశారు. బతుకమ్మ కోసం గడప మీద కూర్చుని గునుగు బాగుచేస్తున్నాను. అవతల కేక.

"అక్కా! నా చెట్టు జూడు, పుల్లలే మిగిలినయ్! అన్ని మీ పురుగులే!"

"నా చెట్టుకు నువ్వే మందు కొడితివి గద చెల్లె. నా దగ్గర ఇంక పురుగులేడియి?"

అవతల కొమ్మలు దులుపుతున్న చప్పుడు.

"దీనికి సుత కొట్టరాదు?" అన్నాను మెల్లగా.

"ఎట్ల కొట్టాలె? దుర్గమ్మ మెడలెయ్యాలె!"

"అవ్ గద. అమ్మకు మందు కాయలేస్తవా, తప్పు తప్పు. చేత్తోని ఏరుకో."

"దురద పెడ్తయ్ గద!"

"ఓర్చుకో. పురుగంటె పురుగే."

కొంగు చేతికి చుట్టుకుని ఏరింది. ముట్టుకోగానే ఆ పురుగు తల మీదినుంచి ఎర్రటి కొమ్ములు లేపి కంపు వదులుతుంది. ఒకటి తీయడం, ఓక్ అనడం, సబ్బుతో చెయ్యి కడగడం. ఆకులో కలిసిపోయే పురుగులు ఎన్నని దొరుకుతాయి! నేను గునుగు పువ్వులు ఒక్కొక్కటే నింపాదిగా తీసి పెట్టుకుంటున్నాను. పని తొందరగా అయిపోతే లోపలికి పోవాలి కదా.

ఆ గోలకు మా ఆయన లేచి గడప దాకా వచ్చాడు. గోడ అవతలికి చూశాడు, తర్వాత నా మొహం చూశాడు.

"నువ్వేనా?"

"ఏంది నేను?"

"గంత గోడ అవి దాటుతయా? నాకు తెల్వదా?"

"నేనే" అన్నాను.

నవ్వాడు. నవ్వు దగ్గులోకి, దగ్గు మళ్లీ నవ్వులోకి పోయింది. గోడ పట్టుకుని మెల్లగా కరివేపాకు చెట్టు దాకా నడిచి, ఆకుల కింద వెతికి, ఒక బొద్దు పురుగును ఆకుతో సహా తుంచి నా చేతిలో పెట్టాడు. "ఇది మర్సిపోయినవ్" అన్నాడు.

ఆకు లేని చెట్టుకు కాయ నిలుస్తుందా? ముదరకముందే పండుబారి రాలిపోయాయి. దండ పడే పూట పనిగట్టుకుని మండపానికి పోయి ముందు వరసలో నిలబడ్డాను. "ఈసారి మీ పెరటి కాయలు కావా వదినా?" అని ఎవరో అడిగారు. ఆమె తల ఎత్తలేదు. దండలో అన్నీ మార్కెట్ కాయలే, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. దుర్గమ్మకు దండం పెట్టుకున్నాను, నిండు మనసుతో.

పండగ దాటాక ఆమె చెట్టు మీది గూళ్లు పగలడం మొదలైంది. సీతాకోకచిలుకలన్నీ గోడ దాటి మా బంతుల మీద వాలాయి. మా ఆయన వాటి మధ్యే కూర్చుంటున్నాడు, మెడకు మఫ్లర్ చుట్టుకుని.

మొన్న నాకు సైగ చేసి దగ్గరికి పిలిచాడు. గోడ అవతలికి చూపు నిలిపి, గొంతు తగ్గించి, "నిమ్మకు మల్ల చిగురొస్తున్నదే" అన్నాడు.

"రానియ్యి" అన్నాను. "జర ముదరనియ్యి."